మేకులు కొట్టిన కిటికీలు

నాకు దుమ్మంటే పడదు. చీపురు చేతిలో పట్టుకునే పుట్టానని మా ఇంట్లో ఎగతాళి చేస్తారు. చుట్టాల ఇంటికి పోయినా కూర్చునే ముందు కుర్చీ మీద వేలితో ఒక గీత గీసి చూసుకోవడం నా అలవాటు. ఇది చూసి ముఖం మాడ్చుకున్నవాళ్ళూ ఉన్నారు. నేను పట్టించుకోలేదు. శుభ్రంగా ఉండే మనిషి వల్ల ఎవరికీ చెడు జరగదని గట్టిగా నమ్మేదాన్ని. ఆ నమ్మకం ఎక్కడ పోయిందో చెప్పాలంటే ఆళ్లగడ్డలో నేను పని చేసిన బడి గురించి చెప్పాలి.

మా ఇల్లు నంద్యాలలో. రోజూ పొద్దున ఏడింటి బస్సెక్కి, శిరివెళ్ల దాటేదాకా ఒక కునుకు తీసి, ఆళ్లగడ్డలో దిగేదాన్ని. స్టాండు నుంచి పది నిమిషాల నడక. బడి అన్నానని పెద్దగా ఊహించుకోవద్దు. ఎవరో కట్టుకున్న ఇంటిని అద్దెకు తీసుకుని, హాలును చెక్కలతో రెండు ముక్కలు చేసి, బయట ఇంగ్లీషు మీడియం అని బోర్డు పెట్టారు. నాకిచ్చిన ఒకటో తరగతి గది అసలు పడకగది. అందులో నలభై ఒక్కమంది పిల్లలు. మంచం ఉండాల్సిన చోట నాలుగు వరసల బల్లలు. గదికి రెండు కిటికీలు, రెండూ ఒకే వైపు. తలుపు నడవాలోకి తెరుచుకుంటుంది గానీ, పక్కన రెండో తరగతి ఎక్కాల గోల భరించలేక ఎప్పుడూ దగ్గరగా వేసే ఉంచేదాన్ని.

ఆ రెండు కిటికీల అవతల రాతి బొమ్మలు చెక్కే షెడ్డు ఉంది. ఆ వీధి నిండా అవే షెడ్లు. సగం చెక్కిన నంది, మొండెం లేని తల, చేతులు రావాల్సిన అమ్మవారు, అన్నీ రోడ్డు పక్కనే నిలబడి ఉంటాయి. ఉలి చప్పుడుకైతే చెవి అలవాటు పడిపోతుంది. ఇప్పుడు ఉలి ఆఖరున, ముక్కూ కన్నూ తీర్చడానికే. మొదటి కోత అంతా కరెంటు మిషనుతోనే. మిషను రాయికి తగిలిందంటే తెల్లటి పొగలాంటి దుమ్ము లేచి, మా కిటికీల్లోంచి వచ్చి బల్లల మీద, పలకల మీద, టిఫిను డబ్బాల మూతల మీద పడేది. పిల్లల నోటు పుస్తకం తెరిస్తే గరగర. నాకెలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

జూన్‌లో బడి తెరిచిన వారానికే తల్లులు వచ్చి గొడవ పెట్టుకున్నారు. "ఏంది మేడం, ఇంతింత ఫీజులు కట్టి మా పిల్లోళ్ళకు రాతి పొడి తినిపిస్తాండారా?" అని ఒకామె నిలదీసింది. బడి నడిపే మేడం నా వైపు తిరిగి, ఏదో ఒకటి చెయ్యమంది. నేను చేశాను. నాకు చెప్పడమే ఆలస్యం.

మొదట కిటికీలు మూయించాను. రెక్కల సందుల్లోంచి ఇంకా వచ్చింది. తడి కాగితాలు ఉండలు చేసి సందులు పూడ్చాను. అయినా పొద్దున వచ్చేసరికి బల్ల మీద పల్చటి పొర. చివరికి పోయిన ఏడాది అడ్మిషన్లప్పుడు వీధిలో కట్టిన ఫ్లెక్సీ స్టోరులో ఉంటే తెచ్చి, రెండు ముక్కలు చేసి, నేనూ ఆయా కలిసి రెండు కిటికీలకూ అడ్డంగా పరిచి, చుట్టూ మేకులు కొట్టాము. ఫ్లెక్సీ మీద ర్యాంకులొచ్చిన పిల్లల ఫొటోలు తలకిందులుగా పడ్డాయి. ఆయా సరిచేద్దామంది. దుమ్ము ఆగడం ముఖ్యం, ఫొటోలు కాదన్నాను.

మర్నాడు బల్ల మీద వేలితో గీశాను. వేలికి ఏమీ అంటలేదు. నా ఆనందం అంతా ఇంతా కాదు. మేడం కొత్తగా చేరడానికి వచ్చిన తల్లిదండ్రులను నా గదికి తీసుకొచ్చి చూపించేది. "మా ఫస్ట్ క్లాసులో దుమ్ము కణం ఉండదు" అని చెప్తుంటే, నేను బల్లల మధ్య నిలబడి పొంగిపోయేదాన్ని.

ఇప్పుడు తలుచుకుంటే తెలుస్తోంది, ఒక్కొక్కటిగా నేనే పేర్చుకుంటూ పోయాను. కిటికీలు మూస్తే గది చీకటైంది, పగలంతా ట్యూబులైటు వేశాను. చీకట్లో దోమలు చేరాయి, పిల్లలు కాళ్ళు గోక్కుంటున్నారని పొద్దున్నే ఆయాతో బల్ల కింద దోమల కాయిల్ చుట్ట ముట్టించాను. వానలు పడ్డాక మూల గోడ చెమ్మగిల్లి నల్లటి మచ్చలు లేచాయి. చూడ్డానికి అసహ్యంగా ఉంటే వాటి మీద అక్షరాల చార్టు తగిలించాను. గదిలోకి అడుగు పెట్టగానే ఒక రకమైన మగ్గిన వాసన వచ్చేది. రెండు నిమిషాలకు ముక్కు దానికి అలవాటు పడేది. మధ్యాహ్నానికి పిల్లలు తలలు వాల్చేసేవాళ్ళు. "రాత్రంతా టీవీ చూసొచ్చి ఈడ నిద్రపోతాండారా?" అని గద్దించేదాన్ని. రెండు గంటలకల్లా నాకూ తల దిమ్మెక్కి, కళ్ళు మండేవి. రోజూ బస్సు ప్రయాణం కదా, దానివల్లే అనుకుని టీ తాగేదాన్ని. ఒకరికి జలుబు చేస్తే వారంలో సగం గదికి అంటుకునేది. వానాకాలం కదా అనుకునేదాన్ని. నా దగ్గర ప్రతిదానికీ ఒక జవాబు ఉండేది.

మొదటి వరసలో ఒక పాప కూర్చునేది. ఆరేళ్ళు. సన్నటి మెడ, నూనె రాసి బిగించిన రెండు జడలు. అక్షరం రాసిన ప్రతిసారీ తలెత్తి నా ముఖం చూసేది, బాగుందనిపించుకుంటే గాని రెండోది రాయదు. వాళ్ళ నాయన మా కిటికీల అవతలి షెడ్డులోనే పని. ఆగస్టులో ఆ పాపకు దగ్గు మొదలైంది. పొడి దగ్గు. ఒకసారి మొదలైతే బల్ల పట్టుకుని వంగిపోయేది. తర్వాత తర్వాత ఛాతీలోంచి పిల్లికూతలు వినిపించేవి. ఆటల పీరియడులో రెండు అడుగులు పరిగెత్తి నిలబడిపోయేది.

నేను రెండూ కలిపి చూసుకున్నాను. రాయి, దగ్గు. దానికి కారణం ఉంది. ఆ షెడ్డు గేటు దగ్గర ఎండాకాలంలోనూ దుప్పటి కప్పుకుని ఒకాయన కూర్చునేవాడు. పాపకు పెదనాయన. ఇరవై ఏళ్ళు రాయి కోసిన మనిషి, లేచి నాలుగు అడుగులు వేస్తే ఆయాసంతో గోడ పట్టుకునేవాడు. నోరు తెరిచి గాలిని లాక్కుంటుంటే ఆ చప్పుడు రోడ్డు మీదికి వినబడేది. ఆయన్ను చూస్తూ రోజూ బడిలోకి వచ్చే నాకు, పాప దగ్గు విన్నప్పుడల్లా ఆ చప్పుడే గుర్తొచ్చేది. భయం వేసిందంటే అది నిజమైన భయమే. ఆ భయంతో తప్పు మనిషిని పట్టుకున్నాను.

వాళ్ళ నాయన్ను బడికి పిలిపించాను. పని మధ్యలోంచి వచ్చాడు. కనుబొమలు, మీసం, చేతుల మీది వెంట్రుకలు అన్నీ తెల్లగా ఉన్నాయి. లోపలికి రమ్మంటే దుమ్ము పడుతుందని గడప బయటే ఆగాడు.

"చూడన్నా, పాపకు దగ్గు ఎందుకొస్తోందో తెలుసునా?" అన్నాను.

"ఆస్పత్రిలో చూపిస్తి టీచరమ్మా. మందు తాపుతాండాము. తగ్గుతాది, మళ్ళా వస్తాది."

"మందుతో పోయేది కాదు. నీ ఒంటి మీద దుమ్ము చూసుకో. ఆ బట్టలతోనే ఇంటికి పోయి పాపను ఎత్తుకుంటావు కదా? అదంతా ఆ బిడ్డ ఛాతీలోకి పోతోంది."

"నేను నీళ్ళు పోసుకునే ముట్టుకుంటా టీచరమ్మా."

"నీళ్ళు పోసుకుంటే పోతుందా? తలలో ఉంటుంది, గోళ్ళలో ఉంటుంది. మీ అన్నను చూస్తున్నావు కదా. పాపకు దూరంగా ఉండు."

అతను తన గోళ్ళ వైపు చూసుకున్నాడు. సరే అన్నట్టు తల ఊపి పోయాడు. బాధ్యత తీర్చుకున్నానని నాకు నేనే చెప్పుకున్నాను. ఆ రోజు బస్సులో హాయిగా నిద్ర పట్టింది కూడా.

అక్కడితో ఆగలేదు. ఆటల పీరియడులో పిల్లలందరూ రోడ్డు వైపు చిన్న వాకిట్లోకి పోతే, ఈ పాపను మాత్రం గదిలోనే కూర్చోబెట్టాను. బయట దుమ్ము, లోపల శుభ్రం అని నా లెక్క. ఒక్కతే కూర్చుని దిగులు పడుతుంటే మనసొప్పక ఒక పని అప్పగించాను. మా బడిలో నల్లబల్ల తుడవడం, డస్టర్లు దులపడం అంటే పిల్లలకు పెద్ద గౌరవం. బుద్ధిగా ఉన్నవాళ్ళకే ఇస్తాము, దానికోసం కొట్టుకుంటారు. ఆ గౌరవాన్ని ఈ పాపకు పూర్తిగా రాసిచ్చేశాను. మామూలుగా డస్టర్లు కిటికీ బయటికి చేతులు చాచి దులుపుతారు. మా గదికి కిటికీ లేదు కదా. మూల నిలబడి రెండు డస్టర్లనూ ఒకదానికొకటి టపటపా కొట్టేది. సుద్దపొడి లేచి ముఖమంతా కమ్మేది. ఆటలయ్యాక నేను వచ్చేసరికి కనురెప్పలు కూడా తెల్లబడి ఉండేవి. "వచ్చిందే మా ముసలమ్మ" అని నవ్వేదాన్ని. తనూ నవ్వేది, నవ్వు మధ్యలోనే దగ్గు వచ్చేది.

దసరా సెలవులు పది రోజులయ్యాక పాప వచ్చింది. బుగ్గలు కాస్త నిండాయి. గేటు నుంచి నా దగ్గరికి పరిగెత్తుకుంటూ వచ్చింది. వాళ్ళ అవ్వది వెలుగోడు. సెలవులకు అక్కడికి పోయుంటుంది, చెరువు గాలికి కోలుకుందనుకున్నాను. ఎవరినీ అడగలేదు. వారం తిరిగేసరికి దగ్గు మళ్ళీ మొదలైంది. అదిగో, మళ్ళీ వాళ్ళ నాయన దగ్గరికి వచ్చింది కదా అనుకున్నాను. ఎంత తేలిగ్గా అనుకున్నానో!

డిసెంబరులో అతనే వచ్చాడు. ఈసారి ఉతికిన చొక్కా వేసుకుని, తల దువ్వుకుని వచ్చాడు.

"పాపను వెలుగోడుకు పంపిస్తాండా టీచరమ్మా. వాళ్ళవ్వ కాడ ఉంటాది. ఆడ బడిలో చేర్పిస్తాము. టీసీ యెప్పుడు ఇస్తారు?"

"మంచి పని చేస్తున్నావన్నా" అన్నాను.

"వాళ్ళమ్మ రెండు దినాలుగా అన్నం తినలే. ఏం చేస్తాము. పని ఇడిసి నేను బతకలేను, ఇంకోటి రాదు నాకు. బిడ్డన్నా బతకల్ల కదా" అన్నాడు.

మేడంతో మాట్లాడి బేగా ఇప్పిస్తానని మాటిచ్చాను.

అది జరిగిన మూడో రోజు. చలికి ఆ పొద్దున తలుపు గట్టిగా మూసి గడియ పెట్టాను. దోమల చుట్ట ఒకటి చాలదని ఆయా రెండు ముట్టించింది. ఆటల పీరియడులో ఎప్పటిలాగే పిల్లలు బయటికి పోయారు, నేను తలుపు దగ్గరగా లాగి టీ తాగడానికి పోయాను. తిరిగి వచ్చి తలుపు తీసేసరికి పాప నేల మీద కూర్చుని ఉంది. రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి, మెడ ముందుకు చాచి, భుజాలు ఎగరేస్తోంది. డస్టర్లు పక్కన పడి ఉన్నాయి. "ఏమైందమ్మా?" అన్నాను. నన్ను చూసింది గానీ మాట రాలేదు. గౌను కింద డొక్కలు లోపలికి పోయి బయటికి వస్తున్నాయి. పెదాల రంగు నేరేడు పండు తిన్నట్టుంది.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఎత్తుకుని బయటికి పరిగెత్తాను. షెడ్డు గేటు దగ్గర అరిచాను. ఏమని అరిచానో గుర్తు లేదు. మిషను ఆగింది. వాళ్ళ నాయన దుమ్ములోంచి వచ్చి, పాప ముఖం చూసి, రోడ్డు మీదికి ఉరికి ఆటోకు అడ్డం నిలబడ్డాడు. వాళ్ళమ్మ ఎక్కడో పత్తి తీయడానికి కూలికి పోయింది. ఆమెకు చెప్పడానికి కూడా దారి లేదు.

దగ్గర్లో ఉన్న ఆస్పత్రిలో ముక్కుకు ఆవిరి పట్టారు. కాస్త తేరుకుంది గానీ అక్కడి డాక్టరు స్టెతస్కోపు తీసి, ఆలస్యం చేయకుండా నంద్యాల తీసుకుపొమ్మన్నాడు. వాళ్ళే కారు మాట్లాడారు. పాప నా ఒళ్ళో ఉంది. వాళ్ళ నాయన ముందు సీట్లో డ్రైవరు పక్కన కూర్చున్నాడు. దారి పొడుగునా ఒక్కసారి కూడా చెయ్యి వెనక్కి చాచి బిడ్డను తాకలేదు. ఇదేం మనిషి, ఇంత రాయా అనుకున్నాను.

రోజూ నిద్రలో గడిపే ఆ దారి ఆ రోజు తరగలేదు. పాప ఛాతీ మీద చెయ్యి పెట్టి ఊపిరి ఊపిరికీ ఎదురుచూశాను. ఒకటి వచ్చేది, ఇంకోటి వస్తుందో రాదో తెలియదు. శిరివెళ్ల దగ్గర ఎడ్లబండ్లు అడ్డమొస్తే డ్రైవరును తిట్టాను. ప్రభువా ప్రభువా అనడం తప్ప ప్రార్థనలో ఒక్క మాట ముందుకు పోలేదు. నా ఒళ్ళో ఒక బిడ్డ ప్రాణం పోతే నేనేం చేయాలి, వాళ్ళమ్మకు ఏం చెప్పాలి, నేను ఇంటికి ఎలా పోవాలి? మెదడులో ఇవే తిరిగాయి. అంత భయం నాకు నా కాన్పుల్లో కూడా తెలియదు.

నంద్యాలలో పిల్లల డాక్టరమ్మ చూసింది. మాస్కు పెట్టి ఆవిరి పట్టి, సూది వేసి, మళ్ళీ ఆవిరి పట్టి, గంటన్నర తర్వాత పాప భుజాలు ఎగరేయడం తగ్గింది. పెదాలకు రంగు వచ్చింది. కళ్ళు మూసుకుని పడుకుంది. అప్పుడు డాక్టరమ్మ మమ్మల్నిద్దరినీ తన గదిలోకి పిలిచింది. కోపిష్టి మనిషి. కూర్చోమని కూడా అనలేదు.

"ఎప్పటి నుంచి ఉండాది ఈ ఆయాసం?"

"ఆగస్టు నుంచి మేడం" అన్నాను.

"సెలవుల్లో ఎట్లుంటాది?"

ఆ ప్రశ్న పాప నాయనకు. "ఆదివారాలు రవ్వంత మేలు మేడం. దసరాకు పది దినాలు ఒక్క దగ్గు లే. షెడ్డు కాడనే ఆడుకున్యాది."

నేను అతని వైపు తిరిగాను. "వెలుగోడు పోలేదా?"

"యాడ పోతిమి టీచరమ్మా? పండగప్పుడే మాకు పనెక్కువ. వాళ్ళమ్మ గూడా కూలికి పోయె. ఇంటి కాడ ఎవురూ లేక షెడ్డుకు తోడుకొని పోతి. దూరంగానే కూర్చోబెడ్తి."

పది రోజులు ఆ రాతి దుమ్ములో ఉంది. ఒక్క దగ్గు లేదు.

డాక్టరమ్మ నా వైపు చూసింది. "నువ్వు టీచరువా? మీ గది ఎట్లుంటాది చెప్పు."

"చాలా శుభ్రంగా ఉంటుంది మేడం" అని మొదలుపెట్టాను. అలవాటైన పాఠం కదా, గడగడా వచ్చేసింది. "పక్కనే రాతి షెడ్డు ఉంది, దుమ్ము రాకుండా కిటికీలు మూసి, పైన ఫ్లెక్సీ వేసి మేకులు..." అక్కడ నా గొంతు నాకే వినబడింది. ఆగిపోయాను.

"ఎంతమంది?"

"నలభై ఒక్కరు."

"ఫ్యాను తిరిగితే గాలి యాడికి పోతాది?"

తలుపు కూడా దగ్గరగా వేసే ఉంచేదాన్నని గుర్తొచ్చింది.

"చెమ్మ ఉండాదా గోడలకు? పొగ ఏమన్నా పెడతారా?"

"దోమల చుట్ట" అన్నాను. "అప్పుడప్పుడు." అది అబద్ధం. రోజూ. ఆ రోజు రెండు.

పాప బట్టల మీద తెల్లపొడి ఉందే, అదేమిటని అడిగింది. సుద్దపొడి అని, ఆటల పీరియడులో తనతో డస్టర్లు దులిపిస్తానని చెప్పాను. డాక్టరమ్మ మందుల చీటీ రాయడం ఆపి నా వైపు చూసింది. తిట్టినా బాగుండేది.

"రాతి దుమ్ము మంచిదని నేను చెప్పను" అంది చివరికి. "అది మనుషుల్ని తినేసే దుమ్ము. ఈయన మాస్కు కట్టుకోవాల, తడిపి కోయాల. పాప ఆ షెడ్డు తట్టుకు పోనేకూడదు. అది వేరే సంగతి. ఈ పాపది ఉబ్బసం. పొగ, సుద్దపొడి, గోడ బూజు, ఒకరి జలుబు ఇంకొకరికి, అన్నీ పెట్టి మూత పెట్టినారు మీరు. గాలి మారని గదిలో పెద్దోళ్ళకే తల తిరుగుతాది. పసిపిల్లల ఊపిరితిత్తులు ఎంతుంటాయి?" మిగతాది ఇంగ్లీషులో నాకు చెప్పి, మందుల చీటీ నా చేతిలో పెట్టి, ఇంకో బిడ్డను చూడటానికి పోయింది.

మేమిద్దరం బయట వరండాలోకి వచ్చాము. అతను మందుల చీటీ వైపు, నా వైపు చూశాడు. సగం మాటలు అతనికి అందలేదు.

"ఏం చెప్పినాది టీచరమ్మా? నా దుమ్మే కదా?"

అవును అంటే సరిపోయేది. నేను దాచిపెట్టదలుచుకోలేదని చెప్తే అది అబద్ధమవుతుంది. నాలుక చివరిదాకా వచ్చింది. ఈ మనిషి ఇప్పటికే నమ్మేశాడు. పాపను వెలుగోడు పంపేస్తాడు, అక్కడ కిటికీలున్న బడిలో ఎలాగూ కోలుకుంటుంది, నేను చెప్పిందే నిజమైందని జీవితాంతం నాకు దండం పెడతాడు. నిజం చెబితే ఏమవుతుందో ఊహించుకున్నాను. వీధి వీధంతా బడి మీదికి వస్తుంది, ఉద్యోగం పోతుంది, నలభై ఒక్కమంది తల్లులు నన్ను నిలబెట్టి అడుగుతారు. గోడకు ఆనుకున్నాను.

"నీ దుమ్ము కాదన్నా" అన్నాను. "నా గది. నేను కిటికీలకు మేకులు కొట్టాను. పొగ పెట్టించాను. ఆ సుద్దపొడి పాపతో నేనే దులిపించాను. అందుకే సెలవుల్లో బాగుండింది. బడికి వస్తే ఎక్కువైంది. నీ మీద వేసింది తప్పు. తప్పు నాదే."

అతను నన్ను కొడతాడనుకున్నాను. నిజంగానే ఒక అడుగు వెనక్కి వేశాను. అతను అడిగిన మాట నేను ఊహించలేదు.

"మరి మిగతా పిల్లోళ్ళు?"

"ఏమిటి?"

"నువ్వు ఈడుండావు. వాళ్ళంతా ఇప్పుడు ఆ రూములోనే కదా ఉండారు?"

మధ్యాహ్నం రెండు కావస్తోంది. నలభైమంది ఆ గదిలోనే ఉన్నారు. నేను లేనని ఎవరో ఒకరు వాళ్ళను లోపల కూర్చోబెట్టి, అల్లరి బయటికి వినబడకుండా తలుపు వేసి ఉంటారు. రెండు చుట్టలూ ఇంకా కాలుతూ ఉంటాయి. మూడో వరసలో ఒకడు ఎప్పుడూ చీదుతూ ఉంటాడు, కిటికీ పక్కన ఇద్దరు పిల్లలు రోజూ నిద్రపోతారు, చివరి బల్లలో ఒక పాప తలనొప్పి అంటే దొంగ ఏడుపని మందలించాను. ఒక్కొక్కరి ముఖం కళ్ళ ముందు నిలబడింది. ఈ ఒక్క పాపే కాదు. ఇన్ని నెలలూ నా ఎదుట ఇందరు బిడ్డలు ఆ గాలే పీల్చారు, నేను వాళ్ళను సోమరులని తిట్టాను.

బడి మేడంకు ఫోను చేస్తే ఎత్తలేదు. ఆయాకు చేశాను. "పిల్లలను బయటికి తీసుకురా. కిటికీలు తెరువు" అన్నాను.

"మేకులు కొడ్తిమి కదా టీచరమ్మా. నాతో యాడ అయితాది? మేడం కోప్పడతాది."

పాప నాయన ఇదంతా విన్నాడు. తన ఫోను తీసి షెడ్డుకు చేశాడు. "రేయ్, మిషన్లు నిలిపేయండి. అన్నీ. ఇద్దరు బడికి పోండి, ఒకటో తరగతి రూము కిటికీలకు మేకులుండాయి, పీకేయండి. పిల్లోళ్ళను బయట కూర్చోబెట్టండి. బేగా పోండిరా, తర్వాత చెప్తా" అన్నాడు. ఏ దుమ్మునైతే నేను ఆరు నెలలుగా తిట్టిపోశానో, దాన్ని లేపే మనుషులే మా బడికి పోయారు.

ఇరవై నిమిషాలు ఆ వరండాలో నిలబడ్డాను. ఫోను మోగితే ఎత్తడానికి భయం, మోగకపోతే భయం. ఆఖరికి ఆయా చేసింది. ఫ్లెక్సీ చించి కిటికీలు తెరిచారని, పిల్లలంతా వాకిట్లో ఉన్నారని, సాయంత్రం బడి విడిచేదాకా మిషను వేయమని షెడ్డువాళ్ళు చెప్పారని, మేడం మండిపడుతోందని చెప్పింది. పిల్లలు ఎలా ఉన్నారని అడిగాను. "ఆడుకుంటాండారు టీచరమ్మా, ఏమైతాది వాళ్ళకు?" అంది. నేను బెంచీ మీద కూలబడి ఏడ్చాను.

ఏడ్చి తలెత్తేసరికి అతను కనబడలేదు. వెళ్ళిపోయాడనుకున్నాను. లోపలికి పోయి పాప పక్కన స్టూలు మీద కూర్చున్నాను. మాస్కు తీసేశారు. మేలుకుని ఉంది. నాయన ఏడని అడిగింది.

కాసేపటికి అతను వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఆస్పత్రి వెనక కొళాయి కింద తల పెట్టుకున్నట్టున్నాడు. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. చొక్కా విప్పేశాడు, బనీను మీద ఉన్నాడు. మోచేతుల దాకా రుద్ది రుద్ది కడుక్కున్న చేతులను ఒంటికి తగలకుండా ముందుకు పట్టుకున్నాడు.

"మీరు చెప్పిన కాడి నుంచి నేను పాపను ఎత్తుకోలే టీచరమ్మా" అన్నాడు. గొంతులో కోపం లేదు. "వస్తే పొమ్మంటి. పక్కన పండుకోనీలే. నాయనకు నేనంటే ఇష్టం లేదని వాళ్ళమ్మ కాడ ఏడుస్తాండె."

కారులో ముందు సీట్లోంచి వెనక్కి చాచని ఆ చెయ్యి నాకు గుర్తొచ్చింది.

"ఇప్పుడు ఎత్తుకోవచ్చునా?"

నన్ను అడిగాడు. తన బిడ్డను ఎత్తుకోవడానికి అన్నీ తెలిసినదాన్నని నన్ను అడుగుతున్నాడు. స్టూలు మీద నుంచి లేచి పక్కకు జరిగాను.